నిజ సిలువ పట్టణం చుట్టూ



సెలవులు వచ్చాయంటే మన విచారణల్లో ప్రయాణాల సందడి మొదలవుతుంది. గుణదల, వేళాంగణి, ఆ దారిలో మరో నాలుగు ఊళ్ళు. వ్యాను మాట్లాడుకోవడం, పులిహోర పొట్లాలు కట్టుకోవడం, బయలుదేరే ముందు బండి మీద తీర్థం చల్లించుకోవడం. తిరిగి వచ్చిన వారిని "ఏం చూశారమ్మా?" అని అడిగితే, "అన్నీ చూశాం ఫాదర్ గారూ" అంటారు. ఆ "అన్నీ" అనే మాట దగ్గరే నాకు కొంచెం అనుమానం.

మనుషులు కొండల ఎత్తును, సముద్రపు అలలను, నదుల వెడల్పును చూసి ఆశ్చర్యపోవడానికి ఎంత దూరమైనా వెళ్తారనీ, తమను తాము మాత్రం చూసుకోకుండా దాటిపోతారనీ పునీత అగుస్తీను గారు ఎప్పుడో నొచ్చుకున్నారు. తెలుసుకోవాలనే కోరికలో రెండు రకాలున్నాయని పునీత తోమాసు అక్వినాసు గారు విడమరచి చెప్పారు. సత్యం కోసం శ్రమపడే కోరిక సద్గుణం. ఊరికే కంటికి మేత వేసే కోరిక దోషం. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు విన్న ఈ పాఠం, యాత్రికుల బస్సులో కూర్చున్నప్పుడల్లా నాకు గుర్తుకు వస్తుంది.

ఈ వారం మిమ్మల్ని చాలా దూరం తీసుకుపోతాను. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు కొందరు సెలవులకు మెక్సికో సముద్రతీరాలకు వెళ్తుంటారు. ఎక్కువమంది చేరేది పెద్ద పెద్ద హోటళ్ళున్న కాన్‌కూన్‌కే. నేను చెప్పేది అదే దేశంలో, తూర్పు తీరాన ఉన్న మరొక రేవు పట్టణం గురించి. దాని పేరు వెరాక్రూజ్. స్పానిష్ భాషలో ఆ మాటకు "నిజ సిలువ" అని అర్థం. ఒక కారు, నాలుగు రోజుల తీరిక ఉంటే ఆ పట్టణం చుట్టూ ఉన్న దారులన్నీ తిరిగి రావచ్చు. మనం పటం మీద తిరుగుదాం.

1519వ సంవత్సరం ఏప్రిల్ 22, పవిత్ర శుక్రవారం. ఎర్నాన్ కోర్తెస్ అనే స్పానిష్ నాయకుడు తన సైనికులతో ఈ ఇసుక తీరాన దిగాడు. ఆ రోజు సిలువను ముద్దు పెట్టుకునే రోజు గనుక, అతడు నెలకొల్పిన ఊరికి నిజ సిలువ పేరు వచ్చింది. రెండు రోజుల తర్వాత పాస్కా పండుగనాడు అదే ఇసుక దిబ్బల మీద బర్తొలొమే దె ఓల్మేదో అనే గురువు దివ్యపూజ పాడారు. ఆ సైనికుల్లో ఒకడైన బెర్నాల్ దియాజ్ ముసలితనంలో రాసిన చరిత్రలో ఈ సంగతి ఉంది. సిలువ, కత్తి ఒకే ఓడలో నుండి, ఒకే రోజున, ఒకే ఒడ్డుకు దిగాయి. ఈ మాటను మనం కప్పిపుచ్చుకోనక్కరలేదు.

ఎందుకంటే ఇలాంటి ప్రశ్న మన పిల్లలకు కాలేజీలో, ఆఫీసులో ఎదురవుతూనే ఉంటుంది. "మీ మతం ఓడలెక్కి వచ్చిందే కదా?" అంటారు. వారికి చప్పున కోపం వస్తుంది, లేదా తల వంచుకుంటారు. రెండూ అక్కరలేదు. వెరాక్రూజ్ దారుల్లో ఒకసారి తిరిగినవాడికి ఆ ప్రశ్న ఇంకా లోతుగా అర్థమవుతుంది. ఒకవిధమైన జవాబు కూడా దొరుకుతుంది.

రేవులోనే మొదలుపెడదాం. తీరానికి ఎదురుగా సాన్ హువాన్ దె ఉలూవా కోట ఉంది. 1535లో కట్టడం మొదలుపెట్టారు. సముద్రంలోని పగడపు రాయిని కోసి గోడలు లేపారు. దగ్గరికి వెళ్ళి చూస్తే రాతిలో గవ్వల ఆనవాళ్ళు, పగడపు గూళ్ళు కనిపిస్తాయి. మెక్సికో గనుల వెండి స్పెయినుకు పోయింది ఈ రేవునుండే. ఆఫ్రికానుండి పట్టి తెచ్చిన మనుషులు, పదుల వేలమంది, బానిసలుగా దిగిందీ ఈ రేవులోనే. తర్వాతి కాలంలో కోట చెరసాలగా మారింది. తర్వాత మెక్సికో అధ్యక్షుడైన బెనీతో హువారెజ్ గారిని కూడా 1853లో ఇక్కడ బంధించారు. ఆ చీకటి గదుల్లో మూడింటికి మోక్షం, ఉత్తరించు స్థలం, నరకం అని పేర్లు. గైడు ఆ పేర్లు చెప్పగానే సందర్శకులు నవ్వుతారట. మనం జ్ఞానోపదేశంలో పిల్లలకు నేర్పే మాటలే చెరసాల గదుల తలుపుల మీదికి ఎక్కాయంటే, ఒక గురువుకు నవ్వు రావడం కష్టం.

కోట దాటి సముద్రం వెంబడి ఉత్తరానికి పోతే సుమారు 25 కిలోమీటర్లలో లా అంతిగ్వా వస్తుంది. ఆ పేరుకు "పాతది" అని అర్థం. 1525 ప్రాంతం నుండి 1600 ప్రాంతం దాకా వెరాక్రూజ్ ఊరు ఇక్కడే ఉండేది, తర్వాత తిరిగి మొదటి చోటికి మార్చారు. ఇప్పుడిది నది ఒడ్డున చిన్న పల్లె. కోర్తెస్ ఇల్లని పిలిచే పాత కట్టడం ఒకటి ఉంది. పైకప్పు ఎప్పుడో పోయింది. మన మర్రి జాతికి చెందిన చెట్ల వేళ్ళు గోడలను పాముల్లా చుట్టుకుని ఉన్నాయి. ఆ గోడలను నిలబెట్టింది కట్టినవాడి సున్నమో చెట్టు వేరో చెప్పలేం. దానికి కొద్ది దూరంలో జపమాల మాత చిన్న గుడి, తెల్లగా సున్నం వేసి ఉంటుంది. అమెరికా ఖండపు నేల మీద కట్టిన తొలి గుళ్ళలో ఒకటిగా దాన్ని చెప్పుకుంటారు. ఏలినవాడి ఇంట్లో చెట్లు మొలిచాయి. మరియ తల్లి గుడిలో మాత్రం కొవ్వొత్తి వెలుగుతోంది.

మరికొంత ఉత్తరాన సెంపోవాలా. స్పెయినువారు వచ్చేనాటికి అది తోతోనాకు అనే జాతివారి పెద్ద పట్టణం. నదిలో దొరికే గుండ్రటి రాళ్ళను సున్నంతో అతికి కట్టిన మెట్ల గుళ్ళు పచ్చిక మధ్య ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఆ ఊరివారు కోర్తెస్‌ను అతిథిగా ఆదరించారు. పూలు ఇచ్చి, భోజనం పెట్టి, స్నేహం కలుపుకున్నారు. అక్కడ నరబలి ఆచారం ఉండేది, అది నిజం. దాన్ని ఆపాలనుకోవడం తప్పు కాదు. అయితే కోర్తెస్ చేసిందేమిటి? సైనికులను పైకి పంపి దేవతా విగ్రహాలను మెట్ల మీదినుండి దొర్లించాడు. ఊరి పెద్దలు కళ్ళు మూసుకుని ఏడ్చారని బెర్నాల్ దియాజే రాశాడు. తర్వాత గుడికి సున్నం కొట్టించి సిలువను, మరియ తల్లి స్వరూపాన్ని నిలిపారు. ఆ పీఠాన్ని చూసుకోవడానికి ఒక కుంటి ముసలి సైనికుణ్ణి వదిలి ముందుకు సాగిపోయారు.

ఇక్కడ ఒక చిన్న సంగతిని దాటిపోకండి. ఆ దండు కొండలెక్కి పోతున్నప్పుడు మరొక ఊరిలో కూడా సిలువ నాటుదామని కోర్తెస్ అన్నాడు. అప్పుడు అడ్డు చెప్పింది ఎవరో కాదు, పాస్కా పూజ పాడిన ఓల్మేదో గురువే. వీరికి ఇంకా ఏమీ తెలియదు, ఇప్పుడే వద్దు అన్నారాయన. తర్వాత త్లస్కాలాలోనూ బలవంతపు మార్పిడి వద్దని వారించారు. సైన్యం మధ్యలో నిలబడి, సైన్యాధిపతితో, సిలువ నాటవద్దని ఒక గురువు చెప్పారు! సిలువ మీద భక్తి లేక కాదు; దాని అర్థం తెలిసినవారు గనుక. ఆయన పేరున ఆ దారిలో పెద్ద విగ్రహమేదీ మనకు కనబడదు.

మరుసటి సంవత్సరం, అంటే 1520లో, నార్వాయెజ్ అనే మరొక నాయకుడి దండుతోపాటు మశూచి కూడా వచ్చి దిగింది. కత్తి చంపినదానికంటే అది చంపింది ఎక్కువ. పెద్ద పట్టణమైన సెంపోవాలా కొన్ని తరాలలో దాదాపు ఖాళీ అయిపోయింది. ఆ పచ్చికలో నడిచే యాత్రికుడు ఫోటో తీసుకునే ముందు టోపీ తీయడం మర్యాద. 2000వ సంవత్సరం తపస్సుకాలంలో జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు శ్రీసభ బిడ్డలు చరిత్రలో చేసిన పాపాలకు బహిరంగంగా దేవుని క్షమాపణ వేడుకున్నారు. ఫ్రాన్సిస్ పాపు గారు 2015లో బొలీవియా దేశంలో, అమెరికాల ఆక్రమణ పేరిట ఆదివాసులమీద జరిగిన నేరాలకు మన్నించమని స్పష్టంగా అడిగారు. క్షమాపణ అడిగితే శ్రీసభ పరువు పోతుందనుకునేవారు మనలో ఇప్పటికీ ఉన్నారు. పాపసంకీర్తనం చేసినవాడి పరువు ఎప్పుడు పోయిందో వారే చెప్పాలి.

దారి ఇప్పుడు పడమటికి తిరుగుతుంది. కార్దెల్ పట్టణం దాటాక ఉక్క తగ్గుతూ, చెరకు తోటలు వెనకబడుతూ, మంచు తెర దిగుతూ వస్తుంది. వెరాక్రూజునుండి సుమారు 100 కిలోమీటర్లు, సముద్రమట్టానికి 1,400 మీటర్ల ఎత్తున హలాపా నగరం. రాష్ట్ర రాజధాని ఇదే. చుట్టూ కాఫీ తోటలు. ఆకాశం తేటగా ఉంటే దక్షిణాన 5,636 మీటర్ల ఒరిజాబా శిఖరం మంచు టోపీతో కనిపిస్తుంది. మెక్సికోలో అంతకంటే ఎత్తైన కొండ లేదు. ఇక్కడి పురావస్తు ప్రదర్శనశాలలో ఓల్మెక్ జాతివారు చెక్కిన రాతి తలలు ఏడు ఉన్నాయి. కొన్ని మనిషిని మించిన ఎత్తు. చూడవలసినవే, అయితే వాటి గురించి చెప్పడం మొదలుపెడితే ఈ పేజీ చాలదు.

హలాపా పేరుమీదే హలాపెన్యో అనే మిరపకాయకు పేరు వచ్చింది. మిరప పుట్టిల్లే మెక్సికో. పోర్చుగీసు ఓడలలో 16వ శతాబ్దంలో అది మన దేశానికి వచ్చింది. ఆ తర్వాతే గుంటూరు కారం, ఆ తర్వాతే ఆవకాయ ఎరుపు. మన గుమ్మాలకు కట్టే పెద్ద బంతిపూవు కూడా ఆ దేశపు మొక్కే. ఓడలో వచ్చింది గనుక ఆవకాయ మనది కాదని ఏ అత్తగారూ అనగా నేను వినలేదు! ఒక విత్తనం ఏ దారిన వచ్చిందన్నది ఒక ప్రశ్న, ఈ మట్టిలో వేరు పట్టిందా లేదా అన్నది మరొక ప్రశ్న. రెంటినీ కలపకూడదు. అయితే ఈ ఉపమానం ఇంతవరకే పనికివస్తుంది. మిరప విత్తనం ఎవరినీ మెట్లమీదినుండి దొర్లించలేదు. వేరు పట్టిందనడానికి ఇంకా బలమైన సాక్ష్యం కావాలి.

ఆ సాక్ష్యం హలాపా కథెడ్రల్‌లో ఒక సమాధిగా ఉంది. అది పునీత రఫాయేల్ గీజార్ గారిది. ఈయన వెరాక్రూజ్ పీఠాధిపతి. గురువులను వేటాడిన విప్లవ కాలంలో పాత సామాన్ల వర్తకుడిగా వేషం వేసుకుని, చనిపోతున్న సైనికుల దగ్గరకు వెళ్ళి కడపటి సంస్కారాలు ఇచ్చినవారు. 1920 జనవరి 3న హలాపా ప్రాంతాన్ని పెద్ద భూకంపం కుదిపింది. ఆయన కొత్త పీఠాధిపతిగా రేవులో దిగింది ఆ మరునాడే. స్వాగత సంబరాలకు బదులు శిథిలాల మధ్యకు నడిచారు. ప్రభుత్వం గురువిద్యాలయాన్ని లాక్కుంటే, దాన్ని మెక్సికో నగరంలో రహస్యంగా ఏళ్ళ తరబడి నడిపించారు. 1938లో మరణించారు. 2006లో పునీతులుగా ప్రకటితులయ్యారు. విత్తనం ఓడలో వచ్చి ఉండవచ్చు; ఈయన మాత్రం మెక్సికో తల్లి కన్న బిడ్డ.

హలాపాకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, కొండ అంచున నావొలింకో అనే ఊరుంది. తోలు చెప్పులకు, జలపాతాలకు పేరు. నవంబరు 1 రాత్రి ఆ ఊరివారు బంతిపూలతో, కొవ్వొత్తులతో అలంకరించిన ఇంటింటి పీఠం దగ్గరకూ వెళ్ళి, చనిపోయినవారి కోసం పాటలు పాడతారు. మన సమాధుల పండుగనాడు బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని సమాధులతోటకు నడిచే మన తల్లులు ఆ ఊరిలో తప్పిపోయినా కొత్త అనిపించదు. 1908 డిసెంబరు 13న ఆ ఊరిలో ఒక బీద ఇంట ఆంహెల్ దారియో అకోస్తా పుట్టాడు. తండ్రి తొందరగా పోయాడు. తల్లి లెయొనోర్ గారు పిల్లలను సాకింది. కుర్రవాడు గీజార్ గారి రహస్య గురువిద్యాలయంలో చేరాడు. అతని కథను కాసేపు ఇక్కడ ఆపుతాను, ఎందుకంటే అది ముగిసేది రేవులో. దారిలో మరొక ఊరు చూడాలి.

హలాపానుండి కాఫీ కొండల మీదుగా దక్షిణానికి దిగితే కోర్దోబా పట్టణం, దాని దగ్గరే యాంగా. యాంగా అన్నది మనిషి పేరు. బానిసగా తెచ్చిన ఆఫ్రికా మనిషి. 1570 ప్రాంతంలో తప్పించుకుని ఈ కొండల్లో తనలాంటివారిని కూడగట్టి బ్రతికాడు. 1609లో సైన్యం వచ్చి వారి గుడిసెలను కాల్చినా లొంగలేదు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి, వారికి స్వేచ్ఛతో కూడిన ఒక ఊరు ఒప్పుకోవలసి వచ్చింది. ఆ ఊరికి పునీత లారెన్సు గారి పేరు పెట్టారు. 1932లో దానికి యాంగా పేరు వచ్చింది. వారు పెట్టిన షరతుల్లో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. తమకు ఫ్రాన్సిస్కను గురువులు కావాలని అడిగారు వారు. ఆ దేశంలో మఠవాసుల చెరకు తోటల్లో సైతం బానిసలు చాకిరీ చేసిన రోజులవి. సంకెళ్ళు వేసినవారి మెడలోనూ సిలువ ఉంది. అయినా సంకెళ్ళు తెంచుకున్నవారు సిలువను పారవేయలేదు. దాన్ని మోసే చేతులు ఎలాంటివై ఉండాలో తామే ఎంచుకున్నారు. పేదలే శ్రీసభ సంపద అని చూపినందుకు చంపబడిన డీకను లారెన్సు గారి పండుగ, ఆగస్టు 10న, ఆ ఊరిలో నేటికీ పెద్ద సంబరం.

అక్కడినుండి సుమారు 100 కిలోమీటర్లు తూర్పుకు వస్తే మళ్ళీ వెరాక్రూజ్, మళ్ళీ ఉప్పు గాలి. ఊరి నడిబొడ్డున తాటిచెట్ల కూడలి, దాని అంచున మోక్షారోపిత మాత దేవాలయం. ఇప్పుడది కథెడ్రల్, 1931లో విచారణ గుడి. దాని ఎదురుగా వెలసిన కాఫీ హోటలుకు "విచారణ కాఫీ హోటలు" అనే అర్థం వచ్చే పేరు స్థిరపడింది. హోటలు తర్వాత సముద్రపు ఒడ్డుకు మారినా పేరు మారలేదు. అక్కడ గ్లాసులో చిక్కటి డికాక్షను పోసి వెళ్తారు. మీరు చెంచాతో గ్లాసును టింగుమనిపిస్తే, పాల కెటిలు పట్టుకున్న మనిషి వచ్చి ఎత్తునుండి వేడిపాలు పోస్తాడు. మనవాళ్ళకు ఆ విద్య నేర్పనక్కరలేదు.

ఇక దారియో గురువు సంగతి. 1931 ఏప్రిల్ 25న గీజార్ గారి చేతుల మీదుగా గురుపట్టాభిషేకం పొంది, మే నెలాఖరులో ఈ గుడికి సహాయ గురువుగా వచ్చాడు. ఆ జూన్‌లో రాష్ట్ర గవర్నరు అదల్‌బెర్తో తెహేదా ఒక చట్టం తెచ్చాడు. లక్షమంది జనానికి ఒకే ఒక్క గురువు ఉండాలని. మన లెక్కలో చెప్పాలంటే ఒక పెద్ద పట్టణానికంతటికీ ఒకరు, మిగిలినవారంతా నేరస్థులు. దారియో వెళ్ళిపోలేదు. చట్టం అమలులోకి వచ్చిన జూలై 25, శనివారం సాయంత్రం, గుడి నిండా జ్ఞానోపదేశానికి వచ్చిన పిల్లలు. జ్ఞానస్నానపు తొట్టి ఉన్న గది నుండి ఆయన అప్పుడే బయటకు వచ్చారు. ఆయుధాలతో లోపలికి వచ్చిన మనుషులు కాల్పులు జరిపారు. మరొక గురువు గాయపడ్డారు. దారియో అక్కడే, పిల్లల కళ్ళముందే ఒరిగిపోయారు. వయసు 22. గురువైన మూడు నెలలకు సరిగ్గా ఆ రోజు.

జూలై 25 అపోస్తలుడైన పునీత యాకోబు గారి పండుగ. కోర్తెస్ సైనికులు యుద్ధంలోకి దూకేటప్పుడు కేక పెట్టింది ఈ యాకోబు గారి పేరే. కత్తి దూయడానికి ఆయన పేరు వాడుకున్నారు. ఆయన మాత్రం కత్తి కింద తల వంచినవారు, హేరోదు చేత చంపబడినవారు. ఆ పండుగనాడు దివ్యపూజలో చదివే సువార్త ఏమిటి? జెబెదాయి భార్య తన ఇద్దరు కొడుకులకూ క్రీస్తు రాజ్యంలో కుడి ఎడమల కుర్చీలు అడగడం. ప్రభువు తిరిగి, నేను త్రాగే పాత్రను మీరు త్రాగగలరా అని ఆ కొడుకులనే అడగడం. ఒక పేద విధవరాలి కొడుకు ఆ సాయంత్రం జవాబు చెప్పాడు.

పవిత్ర శుక్రవారం నాడు సైనికులు ఆ ఊరికి నిజ సిలువ పేరు పెట్టి 412 ఏళ్ళయింది అప్పటికి. ఓడలెక్కి వచ్చిందే కదా అని మన పిల్లలను ఎవరైనా అడిగితే, అవును వచ్చింది, దానితో ఏమేమి దిగాయో కూడా మాకు తెలుసు అని చెప్పనివ్వండి. ఆ తర్వాత ఈ కుర్రగురువు సంగతి చెప్పనివ్వండి. ఆయన చేతిలో కత్తి లేదు, వెనుక సైన్యం లేదు. ప్రభుత్వం ఆయనకు ఎదురుగా ఉంది. అదే మట్టిలో పుట్టి, అదే మట్టిలో పడ్డారు.

2005 నవంబరు 20న మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో, మరి 12 మంది వేదసాక్షులతోపాటు ఆయనను ధన్యులుగా ప్రకటించారు. మీ పిల్లలెవరైనా అటు వెళ్తున్నామని ఫోను చేస్తే, కోటా కాఫీ హోటలూ చూశాక ఆ గుడిలోకి కూడా వెళ్ళి, జ్ఞానస్నానపు తొట్టి దగ్గర రెండు నిమిషాలు నిలబడమని చెప్పండి. మీరు ఇక్కడే ఉండి, జూలై 25న మీ విచారణలో ఆ సువార్త విన్నప్పుడు, యాకోబు గారితోపాటు ఆయన పేరు కూడా తలచుకోండి. పూర్తి పేరు నోరు తిరగకపోతే, దారియో అంటే చాలు.